షెహజాదాకు పెట్టిన పొగ

ఆ రోజుల్లో, అంటే నిజాం సర్కారు ఇంకా నడుస్తున్న కాలంలో, జడ్చర్ల దగ్గర ఒక పశువుల దవాఖానలో నేను కొత్త కాంపౌండరును. ముంగిసకు ప్రాణం పోసిన మొనగాడినని చుట్టుపక్కల ఊళ్లలో నాకు పేరు. ఆ మాట విన్నప్పుడల్లా మీసం దువ్వుకున్నానే తప్ప, అందులో నా వాటా ఎంతో చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

డాక్టర్ సాబ్ దౌరా మీద ఊళ్లు తిరగడానికి పోయిన రోజు, చిన్నప్పుడు నాకు ఉర్దూ నేర్పిన మౌల్సాబ్ షేర్వాణీలో ఏదో దాచుకుని వచ్చాడు. తీసి చూపిస్తే ఆయన పెంపుడు ముంగిస, షెహజాదా. ముక్కు కారుతోంది, ఊపిరి పిల్లనగ్రోవిలా కూస్తోంది. "బేటా, రెండు దినాల సంది పాల సుక్క ముడ్తలేడు. గీడు పోతే ఇంట్ల నన్ను పలకరించేటోడు లేడు," అన్నాడు. నా అరచేతులు వాయించిన బెత్తం (దాన్ని ఎక్కడికైనా వెంట తెచ్చేవాడు) చంకన పెట్టుకుని, రెండు చేతులతో ముంగిసను నాకు అందించాడు. సర్కారు రిజిస్టరులో ఎద్దు, బర్రె, గుర్రం, మేక ఉన్నాయి గాని ముంగిస లేదు. మేకపిల్ల అని రాసి, "ఫికర్ చేయకుండ్రి, మూడు దినాలల్ల దుంకుతడు," అని మాటిచ్చి, దాన్ని దవాఖానలోనే ఒక గంపలో ఉంచుకున్నాను.

జలుబు చేసిన ఎద్దుకు మేము నిప్పుల మీద వాము, పసుపు చల్లి, గొంగడి కప్పి పొగ పట్టించేవాళ్లం. ఎద్దుకైతే పూటకోసారి. ముంగిస చిన్నది గనుక కొంచెం కొంచెంగా గంటకోసారి పట్టించాలని సొంతంగా లెక్క కట్టాను. (అప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను.) సాయంత్రానికి దాని కూత కూడా వినిపించలేదు. దవాఖాన ఊడ్చే అవ్వ చీపురు ఆపి, "గా పొగల నాకే దమ్మాడ్తలేదు. జానెడు జీవానికి ఆడ్తదా, బిడ్డా?" అంది. "నువ్వు సదివినవా, నేను సదివిన్నా?" అన్నాను.

మరునాడు అన్నం తినడానికి పోయి, మనసు ఆగక మధ్యలోనే లేచి వచ్చాను. గంప ఖాళీగా ఉంది! అటూ ఇటూ వెతికాను. వెనక వాకిట్లో అవ్వ కూర్చుని ఉంది. ఒడిలో షెహజాదా. తడిగుడ్డతో దాని ముక్కు తుడుస్తూ, దూది వత్తితో గోరువెచ్చని మేకపాలు చుక్కచుక్కగా పడుతోంది.

"ఏం జేస్తున్నవవ్వా?"

"నీ మందుకు దొరకకుంట దాస్తున్న, బిడ్డా."

వెళ్లి నిప్పులార్పాను. ఆ తర్వాతి పనంతా ఆమెదే. మూడోనాడు మౌల్సాబ్ గడప దాటేసరికి షెహజాదా ఎగిరి ఆయన భుజమెక్కింది. ముసలాయన కళ్లనీళ్లు పెట్టుకుని, "ఏం మందిచ్చినవ్ బేటా?" అన్నాడు. అవ్వ నావైపు చూసింది. నేను సీసాలవైపు చూశాను. "పొగ పనిజేసింది, మౌల్సాబ్," అన్నాను. ఆమె మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. ఆ వారమే నా కొలువు పక్కా అయింది.

చాలా ఏళ్లకు, మౌల్సాబ్ కూడా పోయాక, అవ్వ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఉంది. చెవి దగ్గర వంగి, "ముంగిసను బతికిచ్చింది నువ్వు. నేను అబద్ధమాడిన. మాఫ్ చెయ్యవ్వా," అన్నాను.

"జర గట్టిగ జెప్పు బిడ్డా, ఇనవడ్తలేదు."

గట్టిగా చెప్పాను. పక్కింటివాళ్లు బయటికొచ్చారు. "ఇంకింత గట్టిగ," అంది. అరిచాను. వాడంతా గుమిగూడింది. అప్పుడు ఇంటి లోపలినుంచి కోడలు మెల్లగా, "అత్తా, చాయ్ పెట్టాల్నా?" అంది.

"పెట్టు. శక్కరెక్కువెయ్యి," అంది అవ్వ, వెంటనే.

వాడంతా గొల్లుమని నవ్వింది. అవ్వ బోసినోటితో నవ్వుతోంది. ఇంతటి మనిషి దగ్గర కదా పని నేర్చుకున్నానని నాకు గర్వమనిపించింది. నాలుగోసారి ఎవరూ అడగకుండానే, అందరికీ వినబడేలా చెప్పాను: "మాఫ్ చెయ్యవ్వా."