రెండోసారి రానివ్వని డాక్టరు

తొమ్మిదేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. ఒక్క వాక్యం ఎంత బరువుంటుందని మీరు అడగవచ్చు. నేను రాసినవాటిలో నలుగురూ మెచ్చుకున్నది అదొక్కటే. ఇంత బరువు అందుకే కాబోలు.

మొన్న ముగిసిన ప్రపంచ యుద్ధానికి ముందు మాట. అప్పుడు నేను సర్కారు ఆరోగ్యశాఖలో చిన్న ఉద్యోగిని. కాలేజీ చదువు ముగిసింది, తెలివి ఇంకా మొదలు కాలేదు. చలిజ్వరానికి సర్కారు ఉచితంగా ఇచ్చే కొయినా మాత్రలు కొన్ని చిన్న దవాఖానాలకు వెళ్లేవి. అక్కడ వైద్యం ఎలా ఉందో చూసి ఉర్దూలో నివేదిక రాయడం నా పని. వైద్యం గురించి నాకేం తెలుసు? ఏమీ తెలియదు. ఉర్దూ బాగా రాస్తానని పంపారు.

శాలిబండలో కంచరి దుకాణం పక్కన ఒకే గది దవాఖానా. అందులో నడివయసు డాక్టరు. అందరూ డాక్టర్ సాబ్ అనే పిలిచేవారు. తనిఖీకి వచ్చానని చెప్పాను. ఆయన బెంచీ చివర చూపించి, జ్వరం ఉన్నవాళ్లను చూశాక మాట్లాడతానన్నాడు. నాకు జ్వరం లేదు, కనుక అది న్యాయమే. న్యాయం జరిగినా మనిషికి కోపం వస్తుందని ఆ బెంచీ మీదే తెలిసింది.

కూర్చున్నంతసేపూ చూస్తూనే ఉన్నాను. ఒక్కొక్క రోగి లేవగానే ఆయన చేతులు కడుక్కునేవాడు. మాత్రలు ఎన్ని, ఎప్పుడు వేసుకోవాలో రోగి తిరిగి అప్పజెప్పేదాకా వదిలేవాడు కాదు. ఒక ముసలాయన మూడుసార్లు తప్పు చెప్పాడు. నాలుగోసారి సరిగ్గా చెప్పేదాకా డాక్టర్ సాబ్ విసుక్కోకుండా ఆగాడు. ఇవన్నీ చూశాను. చూడలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

నా పక్కన ఎల్లమ్మ కూర్చుని ఉంది. మాదన్నపేటలో బర్రెలున్న మనిషి, ఇంటింటికీ పాలు పోసేది. డాక్టరు ఎలా చూస్తాడని అడిగాను.

"ఏం డాక్టర్ బాపు. ఒక్కపారి వస్తె రెండోపారి రానియ్యడు."

"అంటే?"

"అంటె ఏందంటవేంది. మా మరిది ఇంకో డాక్టర్ తాన ఆర్నెల్ల సంది తిరుగుతుండు. ఇద్దరికి మస్తు దోస్తానా అయింది. గీడ గసుంటి భాగ్యం లేదు. రెండు దినాలల్ల జరం పోతది. మల్ల ఏం మొఖం పెట్టుకొని రావాలె?"

బెంచీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆ నవ్వే నా మీద సాక్ష్యం.

ఆఫీసుకు వచ్చి ఇలా రాశాను: 'ఈ డాక్టరు తమను రెండోసారి రానివ్వడని రోగులు చెబుతున్నారు.' రుజువుగా ఆయన రిజిస్టరును చూపించాను. అందులో ఏ పేరూ రెండుసార్లు కనిపించడం అరుదు. అబద్ధం ఒక్క అక్షరం లేదు. అదే నా పనితనం. మా పై అధికారి అది నిజంగా ఫిర్యాదే అనుకున్నాడు. పక్క గదికి వెళ్లి చదివి అందరినీ నవ్వించాడు, నా శైలిని మెచ్చుకున్నాడు. మరుసటి నెల నుంచి శాలిబండకు మాత్రలు ఆగిపోయాయి.

ఎందుకు రాశాను? బెంచీ చివర కూర్చోబెట్టాడన్న కోపమా? పక్క గదిలో నవ్వు వినాలన్న ఆశా? రెండింటికీ తగిన వాటా ఇవ్వాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. హాస్యం తెలియనివాడు రాసి ఉంటే అది పొరపాటు అయ్యేది. నాకు తెలుసు. తెలిసి, తెలియనివాడిలా రాశాను.

ఆ వానాకాలం హుస్సేనీ ఆలంలో మా ఇంటి ముందు నుంచే ఎల్లమ్మ వెళ్తూ కనిపించింది. చంకలో మనవరాలు. గొంగడి కప్పినా పిల్ల వణుకు ఆగలేదు. నదికి అవతలున్న పెద్దాసుపత్రి దాకా నడిచిపోతోంది.

"డాక్టర్ సాబ్ తాన సర్కారు మందు బంద్ చేసిన్రట బాపు. ఎవనికో కండ్లు మండినయ్."

ఆ ఎవడో ఆమె ఎదుటే నిలబడి, అయ్యో అన్నాడు.

పిల్ల బతికింది. మరుసటి ఏడు పాల చెంబు పట్టుకుని ఎల్లమ్మ వెనక నడుస్తూ, సగం దారిలోనే ఒలకబోస్తూ కనిపించింది. ఎవరి పాలో ఒలికితే అంత సంతోషించిన మనిషిని నేనొక్కణ్ణే అయి ఉంటాను. అయినా ఆ పిల్ల బతకడంలో నా చెయ్యి లేదు. పిల్ల వణకడంలో ఉంది.

దవాఖానా మూతపడలేదు. మాత్రలు లేకపోయినా బెంచీ నిండుగానే ఉండేది. డాక్టర్ సాబ్ మాత్రలు మళ్లీ ఇప్పించమని ప్రతి ఏడూ అర్జీ పెట్టాడు. ఏం తప్పు జరిగిందో ఒక్కసారైనా చెప్పమని అడిగాడు. ప్రతి ఏడూ అది నా బల్ల మీదికే వచ్చేది. ప్రతి ఏడూ పక్క బల్ల మీదికి జరిపాను. దూరం మూరెడే. అందుకే సులువు.

ఈసారి జరపలేదు. ఎందుకో చెప్పగలిగితే నన్ను నేను కొంచెం పొగుడుకోవచ్చు, కానీ తెలియదు. బహుశా చెయ్యి అలసిపోయింది. అర్జీ కింద ఇలా రాశాను: 'వెనక ఫిర్యాదుగా పంపిన మాట రోగులు చేసిన పొగడ్త. అది పొగడ్త అని ఆనాడే నాకు తెలుసు. అక్కడి వైద్యం నేను చూసినవాటన్నిటిలో మేలైనది. తప్పు నాది.' తిరిగి చదివాను. శైలి ఏమీ లేదు. ఎవరూ పక్క గదిలో చదివి నవ్వరు.

ఈ ఉదయం ఫైలు కదిలింది. నా ఉద్యోగం ఉంటుందో లేదో ఇంకా తెలియదు. ఆ రాతకు నకలు డాక్టర్ సాబ్‌కు అందుతుంది. చదివి ఆయన నన్ను ఏమనుకుంటాడో ఊహించుకోవడం మానేశాను. మన్నించమని అడగలేదు. ఆయన చేతిలో మరో పని పెట్టే హక్కు నాకు లేదు. వానలకు ఇంకా నెల ఉంది. సంతకాలు సవ్యంగా పడితే, చలిజ్వరాలు మొదలయ్యేలోగా మాత్రలు శాలిబండ చేరతాయి.

నా పేరు ఇక్కడ రాయడం లేదు. రాయాల్సిన చోట రాశాను.