‘ఆయ్’ అన్నవారికి ప్రవేశం లేదు

మీరు మీరేనని చివరిసారి ఎప్పుడు నిరూపించుకున్నారు? తొందరపడి జవాబు చెప్పకండి. అలా తొందరపడి జవాబు చెప్పినందుకే, నేను పనిచేసే చోటనే, నేను పెట్టిన నియమం ప్రకారమే, నన్ను గేటు బయటికి పంపించారు.

రాజోలు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో సిబ్బంది వ్యవహారాలు చూసే ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులవి. అమలాపురం కాలేజీలో డిబేటు కప్పులు నెగ్గిన గర్వం ఇంకా దిగలేదు. సరుకు కొనే విదేశీ కంపెనీ ఒక షరతు పెట్టింది. ప్రతి మనిషి గుర్తింపు, వయసు, పని చేసే అర్హత డిజిటల్‌గా ధ్రువపడాలి. తనిఖీ నాటికి ధ్రువపడనివారికి ఈ సీజనులో పని లేదు. దానికి నా సొంత సొగసు జోడించి గేటుకు బోర్డు కట్టించాను: “యజమాని మొదలు ఊడ్చే మనిషి వరకు, ధ్రువీకరణ లేనిదే ఎవరికీ ప్రవేశం లేదు. మినహాయింపు అన్యాయానికి మేనమామ.” చివరి వాక్యానికి కాలేజీలో అయితే చప్పట్లు మోగేవి.

ధ్రువీకరణ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. గేటు పక్క గదిలో ట్యాబు ముందు కూర్చోవాలి. అందులోంచి ఒక ఆడగొంతు “దయచేసి ఎదురుగా చూడండి, దయచేసి కనురెప్పలు ఆర్పండి” అంటుంది. పెదవి కదపకుండా ఆ పని చేస్తే తెర పచ్చబడుతుంది. కదిపితే ఎర్రబడుతుంది. కెమెరా ముందున్నది ఫొటో కాదు, ప్రాణమున్న మనిషేనని తేల్చుకోవడానికి ఈ ఏర్పాటు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఎదుటివారు “దయచేసి” అన్నాక మర్యాదగా “ఆయ్” అని పలక్కుండా కూర్చున్న మనిషి మా కోనసీమలో ఇంతవరకు పుట్టలేదు.

“దయచేసి ఎదురుగా చూడండి.”

“ఆయ్.”

తెర ఎర్రబడింది.

“మాట్లాడకూడదండి,” అన్నాను.

“ఆయ్, మాట్టాడనండి.”

“దయచేసి ఎదురుగా చూడండి.”

“ఆయ్, చూస్తన్నానండి.”

మొదటి ఉదయం మా గేటు దగ్గరి వరస, గోదావరి దాటించే పంటు ఆగిపోయిన నాటి సఖినేటిపల్లి రేవును తలపించింది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. యంత్రం సంగతి వారికి తెలియదు. ఒకావిడ పలక్కుండా ఉండాలని నోటినిండా నీళ్ళు పోసుకుని వచ్చింది. బూరెల్లా ఉబ్బిన ఆ బుగ్గలను చూసి, ఈ ముఖానికీ గుర్తింపు కార్డులోని ముఖానికీ పొంతన లేదని యంత్రం తేల్చింది. దాన్ని తప్పుపట్టలేం.

క్రమంగా అందరూ పళ్ళు బిగపట్టి గట్టెక్కారు, మార్తమ్మగారు తప్ప. ఆవిడ మా అమ్మ వయసు మనిషి. రొయ్య తొక్క తీయడంలో ప్లాంటులోకెల్లా ఆవిడదే వేగం.

“పిన్నిగారండీ, అది మనిషి కాదండి. పలకనక్కర్లేదు.”

“పరాయి పిల్ల అంత మర్యాదగా అడుగుతుంటే బెల్లంకొట్టిన రాయిలా కూచుంటే ఏమనుకుంటదండి?”

“ఏమీ అనుకోదండి.”

“పైకి అనదండి. మనసులో ఉంటది.”

తనిఖీ రోజు పొద్దున్న కూడా ఆవిడ పలికింది, తెర ఎర్రబడింది. “ఈ సీజను పని పోతే మా చిన్నదాని నర్సింగు చదువు ఆగిపోద్దండి,” అంది, గొంతు పెంచకుండానే. నియమం ముందు సర్వులూ సమానమని నేను చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ శ్రద్ధగా విని, “ఆయ్” అని గేటు బయట కొబ్బరి దుంగ మీద కూర్చుంది.

కొనుగోలుదారు తరఫు తనిఖీ అధికారి టై కట్టుకుని, ఇంగ్లీషు తప్ప మరో భాష ముట్టనని ఒట్టు పెట్టుకున్నట్టు వచ్చాడు. గేటు దగ్గర ఆగి నా బోర్డు చదివి, పక్క గదిలోకి వచ్చాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. “మీ ధ్రువీకరణ ఏది?” అని ఇంగ్లీషులో అడిగాడు.

ఊరందరినీ దాటించి తాను రేవులోనే మిగిలిపోయిన పంటు సరంగులా నిలబడ్డాను. అందరినీ ఆ కుర్చీలో కూర్చోబెట్టిన నేను ఒక్కసారీ అందులో కూర్చోలేదు. అయినా దిగులెందుకు? చేయవలసిందల్లా మౌనంగా ఉండడమే కదా. కూర్చున్నాను.

“దయచేసి ఎదురుగా చూడండి.”

“ఆయ్,” అన్నాను.

అధికారి వెంట వచ్చిన మా యజమాని రాజుగారు దగ్గి, “మళ్ళీ చూడమ్మా,” అన్నారు. మళ్ళీ చూశాను. మళ్ళీ అన్నాను.

వాచ్‌మన్ సుబ్బారాయుడు తలుపు వైపు చేయి చూపించాడు. “మేడంగారండీ, మరి బోర్డు...”

“తెలుసండి.”

“నాకు చదువు రాదండి. మీరే చదివి ఇనిపించేరు.”

బయట మార్తమ్మగారు దుంగ మీద పక్కకు జరిగి చోటిచ్చింది. “తమరూ పలికేరా అండి?”

“పలికేనండి.”

“మంచింటి పిల్లని నాకు ముందే తెలుసండి.”

గేటు గదిలో అధికారి ధ్రువపడనివారి పేర్లు అడుగుతున్నాడు. ఆఖరి ప్రయత్నంగా ఆవిడను గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి పక్కన నిలబడ్డాను. “దయచేసి ఎదురుగా చూడండి,” అంది యంత్రం. “ఆయ్,” అని నా నోరు నన్ను అడగకుండానే పలికింది. మార్తమ్మగారు నిశ్చింతగా చూసి, నిశ్చింతగా కనురెప్పలు ఆర్పింది. తెర పచ్చబడింది.

“ఎవరో ఒకరు పలికేరు కదండి. ఇంక నాకెందుకు?” అంది.

తరవాత నేను కూర్చున్నాను. నా తరఫున ఆవిడ పలికింది. అదీ పచ్చబడింది.

పక్కన మనిషి పలకవచ్చని ఏ నిబంధనలో ఉందని అధికారి ఇంగ్లీషులో నిలదీశాడు. నాలుగు వాదనలు సిద్ధం చేసుకుంటున్నాను. ఇంతలో రాజుగారు వినయంగా కుర్చీ చూపించారు.

“తమరూ లోపలికి రావాలి కదండి. బోర్డు తమరికీ ఉందండి.”

ఆయన టై సర్దుకుని కూర్చున్నాడు.

“దయచేసి ఎదురుగా చూడండి.”

“ఆయ్,” అన్నాడు.

మార్తమ్మగారే మెల్లగా అడిగింది: “బాబుగారండీ, తమరిదే ఊరండీ?”

“ముక్తేశ్వరమండి,” అన్నాడాయన, నేల చూస్తూ.

తెర ఎర్రగానే ఉంది. మా వరకు మాత్రం కోనసీమ మనిషిగా ఆయన గుర్తింపు నిస్సందేహంగా ధ్రువపడింది.

“మళ్ళీ సూడండి బాబూ,” అంది మార్తమ్మగారు. “ఈసారి నేను పలుకుతాను.”

నివేదికలో మా ప్లాంటు మీద ఒక్క ఆక్షేపణా లేదు. మార్తమ్మగారి పని నిలిచింది, చిన్నదాని చదువూ సాగింది. ఆ రొయ్యల సాక్షిగా నేను ప్రమాణం చేశాను: నేను ముందు కూర్చోని కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టి సమానత్వం మీద ఉపన్యసించను.

మీలో నలుగురికి పని ఇచ్చేవారుంటే ఒక్క మనవి. గేటు దగ్గర ఎవరినైనా వెనక్కి పంపే ముందు మీరు ఆ యంత్రం ఎదుట కూర్చోండి. అది “దయచేసి” అన్నప్పుడు పలక్కుండా ఉండి చూడండి. చేతకాకపోతే, పక్కన పలకడానికి ఒక మనిషిని పెట్టండి.