మామ్మ చెక్క పియానో

మా చిన్నప్పుడు... నర్సీపట్నంలో మా వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని, ఒళ్లో ఒక చెక్క పెట్టుకుని, మా మామ్మ దాని మీద టకటకా వేళ్లు ఆడిస్తూ ఉండేది. కొత్తగా చూసినవాళ్లు ఈవిడకేదో అయిందనుకునేవారు. ఏమీ కాలేదు... పియానో ప్రాక్టీసు!

మామ్మంటే మా నాన్నకి అమ్మ, రత్నమ్మ. ఊళ్లో పియానో ఉన్నది మా చర్చి వీధిలో సుగుణ టీచరుగారింట్లో. నాకు తెలిసి ఊరు మొత్తానికి అదొక్కటే. ఎప్పుడో మిషన్ బంగళా నుంచి వచ్చిందట... కొన్ని మీటలు అసలు మోగవు, వానాకాలంలో వాటికి ఇంకొన్ని తోడయ్యేవి. టీచరుగారు నేర్పడానికి వయసు చూసేవారు కాదు. పలక పట్టే పిల్లలు, పెళ్లికి ముందు ఏదో ఒకటి నేర్పించాలని తల్లులు తీసుకొచ్చిన అమ్మాయిలు, రిటైరైన గుమస్తాగారు, కోటవురట్ల నుంచి బస్సులో వచ్చే ఒక కాంపౌండరు... అందరికీ ఒకటే బెంచీ. మన వంతు వచ్చేదాకా అరుగు మీద కూర్చోవడమే.

పియానో ఒకటి, నేర్చుకునేవాళ్లు ఇంతమంది... మరి ఇంటి దగ్గర సాధన ఎలా? దానికి టీచరుగారే ఒక ఉపాయం చేశారు. ఏటికొప్పాకలో బొమ్మలు చేసేవాళ్లకి చెప్పి, పియానో మీటల కొలతకి చెక్కలు చేయించారు. తెల్ల మీటలకి గీతలు, నల్ల మీటలకి కాస్త పైకి లేచిన బద్దలు, వాటి మీద నున్నటి లక్క పూత. ఆ చెక్క మీద వేళ్లు ఆడిస్తూ, రాగం మనమే నోట్లో కూనిరాగంగా తీసుకోవాలి.

"ముందు వేళ్లకి దారి తెలియాలండీ, చప్పుడు తరవాత వస్తుంది" అనేవారు.

నన్ను చేర్పించడానికి వచ్చి మామ్మ కూడా చేరిపోయింది. మోగని దాన్ని వాయించడమేమిటని నాకు పరమ విసుగు... నా చెక్క కొన్నాళ్లకే మంచం కిందకి చేరింది. మామ్మ మాత్రం వదల్లేదు. పప్పు ఉడికేలోపు ఒకసారి, దొడ్లో జీడిపిక్కలు ఎండబెట్టి కాపలా కూర్చున్నప్పుడు ఒకసారి... ఎప్పుడు చూసినా ఆ టకటకే.

ఆవిడకి కావలసింది ఒకే ఒక్క పాట. మా తాతయ్య చర్చిలో పాటలెత్తే మనిషి. కోతల పండగనాడు ధాన్యం బస్తాలూ చెరుకుగడలూ గుమ్మడికాయలూ ముందు పెట్టాక, ఆయన ఎప్పుడూ ఆ పాటే ఎత్తేవారు. ఆయన పోయాక దాన్ని ఎవరూ ఎత్తలేదు... ఆ రాగం మా వల్ల కాదని వదిలేశారు. మామ్మకేమో పైకి పాడే గొంతు లేదు. అందుకే దాన్ని వేళ్లతో నేర్చుకుని, ఒక్కసారైనా మళ్లీ చర్చిలో వినిపించాలని పట్టుబట్టింది.

మా నాన్నకి ఇది ఇష్టం లేదు. "ఇప్పుడెందుకే అమ్మా ఇయ్యన్నీ? నలుగురిలో తప్పొస్తే నవ్వుతారు" అన్నాడు.

"నవ్వితే నవ్వనీరా. నువ్వు నవ్వకపోతే సాలు" అంది మామ్మ.

ఆ ఏడు చర్చికి కొత్తగా కరెంటు కీబోర్డు వచ్చింది. కోతల పండగనాడు, దాన్ని వాయించే టీచరుగారు లేచి, తన కుర్చీలో మామ్మని కూర్చోబెట్టారు. మామ్మ వేళ్లు మీటల మీద చోటు వెతుక్కోవడం నాకు ఆడవాళ్ల వైపు చాప మీద నుంచే కనిపించింది. మొదటి చరణం ఎగుడుదిగుడుగా నడిచింది... కానీ నడిచింది. జనం గుర్తుపట్టి మెల్లిగా అందుకున్నారు.

రెండో చరణం మొదలవుతూనే కరెంటు పోయింది.

ఫ్యాన్లు, మైకు, కీబోర్డు... అన్నీ ఆగిపోయాయి. పాడేవాళ్లు కూడా ఆపేసి, అలవాటు కొద్దీ తలెత్తి ఫ్యాన్ల వంక చూశారు. నాన్న తల దించేసుకున్నాడు.

మామ్మ మాత్రం ఆపలేదు. కీబోర్డు మీదకి వంగి, నోట్లో కూనిరాగం తీస్తూ, మోగని మీటల మీద వేళ్లు పరిగెత్తిస్తోంది. ఎవరో ఆవిడకి చెప్పబోతే టీచరుగారు చెయ్యెత్తి ఆపారు. అంతమంది ఉన్న చర్చిలో ఆ టకటకా, ఆ సన్నటి కూనిరాగం తప్ప ఇంకేమీ లేదు.

ముందు టీచరుగారు గొంతు కలిపారు. తరవాత పాస్టరుగారి భార్య అయ్యగారమ్మ, ఆ తరవాత చాపల మీద ఆడవాళ్లందరూ... మామ్మ వేళ్ల వంకే చూస్తూ పాట చివరిదాకా పాడారు. చర్చిలో ఎప్పుడూ నోరు విప్పి పాడని మా నాన్న కళ్లు తుడుచుకుంటూ పాడాడు. అది చూసి నాకు ఏడుపొచ్చేసింది.

ఇంటికి నడుస్తుంటే నాన్న అన్నాడు, "కరెంటు పోయినా ఆపలేదు, భలేదానివే అమ్మా" అని.

మామ్మ రోడ్డు మీద ఆగిపోయింది. "అదేటిరా... కరెంటెప్పుడు పోనాది? నాకు ఆకర్దాకా ఇనిపించింది కదా!"

మాలో ఒక్కరం కూడా నవ్వలేదు.

ఇప్పుడు టీచరుగారూ లేరు, మామ్మా లేదు. ఆ పియానోని ఎవరు పట్టుకెళ్లారో తెలీదు. మా అమ్మాయి ఏదో ఊళ్లో ఉన్న టీచరు దగ్గర ఫోన్లో నేర్చుకుంటోంది. పక్కవాళ్లకి ఇబ్బంది కాకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కీబోర్డు వాయిస్తుంది. వంటింట్లో ఉన్న నాకు పాట వినిపించదు... టకటక ఒక్కటే వినిపిస్తుంది. మామ్మ చెక్క మా అమ్మాయి బల్ల మీదే ఉంది. లక్క అన్నిచోట్లా బాగానే ఉంది, ఆ పాట నడిచే మీటల దగ్గర తప్ప.

మీ ఇళ్లలో కూడా పెద్దవయసులో పట్టుబట్టి ఏదైనా నేర్చుకున్నవాళ్లున్నారా? ఉంటే కింద రాయండి, చదవాలనుంది... నేనైతే ఈమధ్య ఆ టకటక మొదలవగానే మిక్సీ ఆపేస్తున్నాను. మామ్మకి వినిపించినట్టు నాకూ ఎప్పటికైనా వినిపిస్తుందేమోనని...