ముందు సీటు, రైడ్ ప్లేటు

నాలుగు వాషర్లు ఎక్కువ బిగించి ఒక పెళ్లిని నీళ్లలో ముంచబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. ఆ పూట సీలేరు నది మీది డొంకరాయి రిజర్వాయరులో ముందు ఒక పెద్దాయన తెల్ల పంచె, దాని వెనకాలే నా పరువు, ఆ తర్వాత నా తెలివితేటలు వరసగా తడిసిపోయాయి. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో నేను ఆ రిజర్వాయరులో జెట్ బోటు నడిపేవాణ్ణి. పేరు విని విమానమేదో ఊహించుకోకండి. వైజాగు బీచిలో టూరిస్టులను తిప్పి తిప్పి విసిగిపోయిన పాత పడవను మా యజమాని కొండెక్కించి తెచ్చాడు, అంతే. దానికి బయట ఫ్యాను రెక్కలు ఉండవు. అడుగునుంచి నీళ్లు పీల్చి, వెనకనుంచి బలంగా చిమ్ముతూ పోతుంది. సెలవుల్లో టూరిస్టులు ఎక్కేవారు. మిగతా రోజుల్లో అవతలి ఒడ్డు కొండ ఊళ్లవాళ్లు అల్లం బస్తాలతో, కోళ్లతో సంతకు పోతూ ఎక్కేవారు.

నూకరత్నం కూడా ఎక్కేది. ఆమె అవతలి ఊళ్లలో పిల్లలకు టీకాలు వేసే నర్సు. నర్సీపట్నం వైపు రైతుల అమ్మాయి. మా పడవకు ఒక జబ్బుండేది. వేగం అందుకోగానే దాని ముక్కు కప్పలా ఎగిరెగిరి పడేది. పడిన ప్రతిసారీ నూకరత్నం టీకాల పెట్టెను రెండు చేతులతో అదుముకుని నన్ను తిట్టేది. తిట్టడంలో కూడా ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఒకసారి తిట్టిన తిట్టు ఆ వారంలో మళ్లీ వాడేది కాదు. ఆ తిట్ల కోసమే నేను పడవను ఇంకాస్త ఎగరనిచ్చేవాణ్ణని తర్వాత ఒప్పుకున్నాను. అప్పటికి ఇద్దరం పెళ్లి చేసుకోవాలనే నిర్ణయానికి వచ్చేశాం.

ఇక మిగిలింది వాళ్ల నాన్న. సన్యాసినాయుడుగారు నేలను నమ్ముకున్న మనిషి. నేల మీద నిలబడకుండా చేసేది కూడా ఒక ఉద్యోగమేనా అని ఆయన అనుమానం. పైగా ఎరువుల కొట్టున్న కుర్రాడి సంబంధం ఒకటి ఆయన చేతిలో సిద్ధంగా ఉంది. చివరికి కూతురి పోరు పడలేక, వచ్చి నన్ను చూస్తానని, నా పడవ కూడా ఎక్కి చూస్తానని, నచ్చకపోతే తిరిగి వెళ్లగానే కొట్టువాళ్లకు మాటిచ్చేస్తానని చెప్పారు.

"మా నాన్నకి ఒక్క కుదుపు తగిలినా మన పని అయిపోయినట్టే. ముందు ఆ ఎగురుడు సంగతేటో చూడు," అంది నూకరత్నం.

చూశాను. ఎక్కడ చూశానంటే, ఫోనులో. మా దగ్గర సిగ్నలు కావాలంటే గెస్టుహౌసు వెనక గుట్ట ఎక్కాలి. ఎక్కి కూర్చుని వీడియోలు వెతికితే ఎక్కడో పైదేశంలో ఒకాయన తన పడవను బోర్లించినంత పని చేసి చూపిస్తున్నాడు. జెట్ బోటు అడుగున వెనకవైపు రైడ్ ప్లేటని ఒక లోహపు పలక ఉంటుంది. దాని వెనక అంచు కొంచెం కిందికి దించితే పడవ ముక్కు అణిగి ఎగురుడు ఆగుతుంది, పైకెత్తితే ముక్కు లేస్తుంది. దించాలంటే బోల్టు దగ్గర పలకకూ పడవకూ మధ్య వాషర్లు, అంటే చిల్లున్న ఇనుప బిళ్లలు, పెట్టాలి. అక్కడిదాకా బాగానే అర్థమైంది. తర్వాత ఆయన వేలెత్తి ఏదో గట్టిగా హెచ్చరించబోతుండగా సిగ్నలు పోయింది. చాలాసేపు చూశాను. ఆయన వేలు అలాగే ఉంది, మధ్యలో గుండ్రటి గుర్తు తిరుగుతూ ఉంది. ఇక ఆ వేలికి అర్థం నేనే చెప్పుకున్నాను: బోల్టులు గట్టిగా బిగించమంటున్నాడు కాబోలు అని.

మర్నాడు పడవను ట్రాలీ మీద ఒడ్డుకు లాగి, ఎర్రమట్టిలో వెల్లకిలా పడుకుని వాషర్లు పెట్టాను. నీళ్లలోకి దించి నడిపితే ఎగురుడు సగం తగ్గింది. మీరైతే అక్కడ ఆగేవారు. నేను మళ్లీ లాగి, మళ్లీ మట్టిలో దొర్లి, ఇంకొన్ని పెట్టాను. ఇంకా తగ్గింది. కొంచెం మందు వేస్తే జ్వరం తగ్గింది కదా అని సీసా మొత్తం తాగేసే రకం మనిషిని నేను. ఆఖరి విడత వాషర్లు పెట్టాక పడవ కొత్త తారు రోడ్డు మీద కారులా సాగిపోయింది. స్టీరింగు దగ్గర గ్లాసుతో టీ పెట్టుకుని మరీ నడిపాను, చుక్క ఒలకలేదు. అయితే ఒక్క చిన్న సంగతి మీకు చెప్పాలి. నేను నడిపే సీటు పడవకు వెనకవైపు ఉంటుంది. ముందు సీట్లు ఖాళీగా ఉన్నాయి. మొత్తం పడవలో నేనొక్కణ్నే ఉన్నాను.

సన్యాసినాయుడుగారు బస్సు దిగారు. నిండైన మనిషి. ఆయన ఒక్కరు దిగేసరికి బస్సు ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచింది. లైఫ్ జాకెట్టు తొడిగితే బెల్టు అందలేదు, నేనూ నూకరత్నం చెరోవైపు లాగి పెట్టాం. ఆయన దాని మీదే కండువా వేసుకుని, పడవను ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసి, "ముందు సీటేది బాబూ?" అన్నారు.

ఆయనకు ముందు సీటంటే ప్రాణమని నాకెవరూ చెప్పలేదు. ముందు సీటు ఖాళీ లేకపోతే బస్సు వదిలేసి వెనక బస్సు కోసం నిలబడతారట. విందులో మొదటి విస్తరి, సభలో మొదటి కుర్చీ ఆయనవేనట. నూకరత్నానికి పుట్టినప్పటినుంచి అలవాటైన సంగతి కాబట్టి ప్రత్యేకంగా చెప్పాలని తోచలేదు. నేను భక్తిగా చెయ్యందించి ఆయన్ను పడవ ముక్కు దగ్గర కూర్చోబెట్టాను. నాన్న పక్కన కూతురు కూర్చుంది. కూతురి కోసం ఆయన తెచ్చిన బియ్యం మూట వెనక పడేస్తే అమర్యాదగా ఉంటుందని దాన్ని కూడా మోసుకెళ్లి ఆయన పాదాల దగ్గరే పెట్టాను. మర్యాదలో ఎక్కడా లోటు రాకుండా మొత్తం బరువంతా ముందుకు చేర్చాను.

మెల్లగా పోయినంతసేపూ అంతా సవ్యంగానే ఉంది. ఆయన వెనక్కి తిరిగి మా ఊరు, మా అమ్మానాన్న, నా అలవాట్లు అన్నీ అడిగారు. జవాబులు నచ్చినట్టే తల ఊపారు. కొండల మీద మబ్బులు చూసి ముచ్చటపడ్డారు కూడా. నాకు ధైర్యం వచ్చేసింది.

"బేగి పోనీ బాబూ, నీ పడవ పస ఎంతో సూద్దాం," అన్నారు.

పోనిచ్చాను. వేగం పెరిగితే ఏ పడవైనా ముక్కెత్తుతుంది. మాది వంగి నీళ్లకు సాష్టాంగ నమస్కారం చేసింది. ఒక అల లేచి, అటూ ఇటూ చూడకుండా, నేరుగా సన్యాసినాయుడుగారి ఒళ్లో కూర్చుంది. ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, ఎంతో నెమ్మదిగా, ఇది రోజూ ఇలాగే ఉంతాదేటి అని అడిగారు. ఇవాళ కొంచెం గాలి ఎక్కువగా ఉందండీ అన్నాను. ఆ క్షణాన చుట్టుపక్కల కొండల్లో ఒక్క ఆకు కూడా కదలడం లేదు.

ఇంకాస్త వేగం ఇస్తే ముక్కు లేస్తుందని నా తర్వాతి ఆలోచన. ఇచ్చాను. ముక్కు ఇంకా లోపలికి దూరింది. పడవ తన ముక్కునే ఇరుసు చేసుకుని గిర్రున పక్కకు తిరిగింది. భయపడి యాక్సిలరేటరు వదిలేశాను. జెట్ బోటులో చిమ్మే నీళ్లు ఆగిపోతే స్టీరింగు పనిచెయ్యదు. రోజూ టూరిస్టులకు గొప్పగా చెప్పే ఈ సంగతి అప్పుడు నాకు మాత్రం గుర్తు రాలేదు. అలా ఉత్త స్టీరింగు తిప్పుతూ నేను, పక్కవాటుగా జారుతూ పడవ, రిజర్వాయరు నడిమధ్యకు చేరి ఆగాం. లోపల చీలమండలదాకా నీళ్లు. నూకరత్నం టిఫిను డబ్బా మూతతో తోడిపోస్తోంది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వుతోంది.

పలక మరీ దించి, బరువంతా ముందుకు చేరిస్తే ముక్కు మునుగుతుందనే ఆ వీడియో వేలు చెప్పబోయిందని అప్పుడు తట్టింది. విరుగుడు కూడా తెలిసింది. పెద్దాయన లేచి వెనక్కి వచ్చి కూర్చోవాలి. ఆ మాట ఎలా చెప్పడం? వెనకనుంచి కొండలు ఇంకా బాగా కనిపిస్తాయన్నాను. ఎండ తక్కువన్నాను. సీటు మెత్తగా ఉంటుందన్నాను.

"నాను ముందు సీటు వదిలీసి ఎనక కూకున్నది ఏనాడూ లేదు," అన్నారాయన.

ఇక నావల్ల కాలేదు. "నాయుడుగారూ, గాలీ లేదు, ఏటీ లేదు. మీకు కుదుపు తగలకూడదని పడవ అడుగున పలక నేనే దించాను. ఒక్కణ్నే కూకుని చూసుకున్నాను, ముందు మీరు కూకుంటారని అనుకోలేదు. మీ అమ్మాయిని ఇవ్వరేమోనన్న భయం తప్ప నా బుర్రలో ఇంకేటీ లేదండీ," అనేశాను. నిజంగానే భయపడ్డాను. మునిగిపోతామని కాదు, నూకరత్నం మళ్లీ నా పడవ ఎక్కదేమోనని.

ఆయన లేచి, పంచె ఎత్తిపట్టుకుని, బియ్యం మూట భుజాన వేసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. ముక్కు పైకి లేచింది. పడవ చుక్క చిందకుండా ఒడ్డుకు పోయింది. దారంతా ఆయన తడిసిన కండువా పిండుతూనే ఉన్నారు. ఎరువుల కొట్టు ముందు పెళ్లిపందిరి నా కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది.

ఒడ్డున దిగి, పంచె కూడా పిండుకుంటూ అన్నారు.

"గాలి లేకుండా గాలుందన్నావు సూడు, అప్పుడే తెలిసిపోయింది. అబద్ధవాడ్డం నీకు బొత్తిగా సేతకాదు. మా గుంటకి, నా కూతురికి, అలాటోడే కావాల."

ఆయన పంచె వదిలి నా వైపు వేలు చూపించారు.

"పడవలో ఎనక్కి పంపేవు, ఊరుకున్నాను. పెళ్లిపందిట్లో మాత్రం ముందు వరస నాదే. ఇప్పుడే సెప్తన్నాను."

నూకరత్నం నా చెయ్యి గిల్లి, దణ్ణం పెట్టమని కళ్లతో చెప్పింది. వంగాను. ఆ వంగిన వంగడంలోనే, సీలేరు నీళ్ల సాక్షిగా, ఒంటిమీద తడిచొక్కా సాక్షిగా ఘోరమైన ప్రతిజ్ఞ ఒకటి చేశాను: మామగారిని ముక్కు దగ్గర కూర్చోబెట్టి నడిపి చూడకుండా ఈ జన్మలో ఏ పడవ అడుగునా ఒక్క వాషరు కూడా బిగించను. నేను ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. మామగారు మాత్రం, బిగించుకునేవాడివి బిగించుకో, నేను ఒడ్డుమీదనుంచే చూస్తానంటున్నారు.