శిరోమణి ఆంటీ పేర్చిన కట్టెలు

శిరోమణి ఆంటీ ఒక్క అగ్గిపుల్లతో పొయ్యి రాజేయగలదు. ఈ మాట ఆమె నోట కనీసం పదిసార్లు విననివాళ్లు భూమికి దక్షిణపు కొసనున్న ఈ ఇన్వర్‌కార్గిల్ తెలుగువాళ్లలో ఎవరూ లేరు. బాపట్లలో ఆడపిల్లల మిషన్ హాస్టల్లో వాళ్లమ్మ వంటమనిషి. నూట ఇరవై మందికి అన్నం ఉడికే ఆ పొయ్యిలో తొమ్మిదో ఏటి నుంచీ కట్టెలు పేర్చింది ఆంటీయే. ఇక్కడికొచ్చి పదిహేడేళ్లు వృద్ధుల హోంలో పనిచేసి రిటైరైంది గానీ ఆమె చేతులు మాత్రం రిటైర్ కాలేదు. ఎవరింటికెళ్లినా వంటింట్లో డబ్బాలన్నీ సర్దేస్తుంది. మా ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో నాకిప్పటికీ తెలియదు.

నాకేమో కోపం ముక్కుమీదే ఉంటుంది. అయినా ఆంటీతో ఇన్నాళ్లు నెగ్గుకొచ్చానంటే అది అక్షయ కోసం. నేను డెంటల్ క్లినిక్‌లో డ్యూటీకి వెళ్తే రెండేళ్ల నా కూతుర్ని చూసుకునేది ఆమే. మేమిద్దరం పక్కపక్కన నిలబడితే అది "అమ్మమ్మా" అంటూ ఆమె చంకే ఎక్కుతుంది.

ఇక్కడ జులై అంటే నడి చలికాలం. ఒక సాయంత్రం పిల్లను తీసుకెళ్దామని ఆంటీ ఇంటికి వెళ్లాను. హాల్లో గ్యాస్ ఫైర్‌ప్లేస్ మండుతోంది. దాని అద్దం లోపలంతా నల్లగా మసి. ఆంటీ నుదుటికి బామ్ రాసుకుని కూర్చుంది. అక్షయ పక్కనే రగ్గు మీద మగతగా పడుకునుంది.

"ఏంటాంటీ ఈ మసి?"

"పొయ్యన్నాక మసి పట్టదటే అమ్మాయ్? తలనొప్పంటావా, ఈ చలికి మామూలేగా."

"ఇది కట్టెల పొయ్యి కాదాంటీ, గ్యాస్‌ది! మసి రాకూడదు!"

పొయ్యి ఆపేసి, కిటికీలన్నీ బార్లా తెరిచి, పిల్లనెత్తుకుని, ఆంటీని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. ఇద్దరినీ నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. పరీక్షలన్నీ చేసి, భయం లేదన్నాడు. తిరిగొస్తుంటే కారులో అనేశాను, "దాని సంగతి తేలేదాకా పాపను మీ దగ్గర వదల్లేను" అని. మాటలో తప్పు లేదు, అన్న తీరే బాగాలేదు. ఆంటీ మొహం ఇంత చిన్నదైపోయింది. దారి పొడుగునా అక్షయ చెప్పునే చేత్తో పట్టుకుని కూర్చుంది.

మర్నాడు గ్యాస్ పనివాడు గ్రాంట్ వచ్చాడు. రకారాలను నోట్లో దొర్లిస్తూ మాట్లాడే ఇక్కడి మనిషి. మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూశాడు. ఆ పొయ్యిలో ఉండేవి నిజం కట్టెలు కావు. కట్టెల్లా కనబడేట్టు చేసిన పింగాణీ దిమ్మలు, అందం కోసం పెట్టినవి.

"వీటిని ఇలా పేర్చిందెవరు?"

"నేనే," అంది ఆంటీ. "అడ్డదిడ్డంగా పడున్నాయి. రెండు వారాల కింద అద్దం ఊడదీసి, అన్నీ కడిగి, గాలాడేట్టు పేర్చాను." చెప్పింది ఇంగ్లీషులోనే, గర్వం మాత్రం అచ్చంగా బాపట్లది.

గ్రాంట్ నవ్వలేదు. పొయ్యి కింది అరలోంచి, కవరు కూడా చింపని పుస్తకం తీసి బొమ్మ చూపించాడు. ఒక్కో దిమ్మకూ ఒక నంబరు, ఒక చోటు. చోటు మారితే మంట దానికి తగిలి గ్యాస్ పూర్తిగా కాలదు. మసి పడుతుంది, దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు. పైగా అద్దం చుట్టూ ఉన్న సీలు సరిగ్గా కూర్చోలేదు కాబట్టి అది గదిలోకే వచ్చింది.

అతను దిమ్మల్ని వాటి చోట్లలో పెట్టాడు. సీలు మార్చి, బయటి పొగగొట్టం చూసి, వెలిగించి మీటరుతో కొలిచాడు. ఆ విషవాయువును పసిగట్టి కూసే అలారం గోడకి బిగించాడు. "అద్దం తీయడం నా పని. ఏడాదికోసారి పిలవండి. మసి కనిపిస్తే వెంటనే ఆపేసి ఫోన్ చేయండి," అన్నాడు.

ఆంటీ అతన్ని ఒక్కటే అడిగింది. "పాప రోజూ దీని ముందే పడుకునేది. ఇలాగే ఇంకొన్నాళ్లు గడిచుంటే?"

గ్రాంట్ టార్చి ఆర్పి సంచిలో పెట్టుకున్నాడు. "నిన్ననే ఆపేశారు కదా, మంచి పని చేశారు," అన్నాడు.

ఆంటీ ఏడ్చింది. నేనామె కన్నీళ్లు చూడటం అదే మొదటిసారి. "నా చేతులతో నేనే..." అని చేతులకేసి చూసుకుంది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. నాకు సిగ్గేసింది కూడా. మా ఇంటి పొయ్యికి సర్వీసు చేయించి మూడేళ్లయింది. గ్రాంట్‌ని అటునుంచటే మా ఇంటికి తీసుకెళ్లాను.

సోమవారం పొద్దున పిల్లనెత్తుకుని ఆంటీ తలుపు తట్టాను. అక్షయ చేతులు చాచింది. ఆంటీ మాత్రం ఎత్తుకోలేదు.

"ముందు నువ్వు లోపలికొచ్చి చూసుకో," అంది. అలారం మీట నొక్కి కూత వినిపించింది. మసి లేని అద్దం చూపించింది. వచ్చే ఏడాది సర్వీసు తేదీ క్యాలెండర్లో రాసింది చూపించింది. "ఆ అద్దం జోలికి పోను, ప్రమాణం. ఇప్పుడు వదుల్తావటే నిరుపమా?"

పిల్లనూ, పిల్ల సంచినీ ఆమె చేతుల్లో పెట్టి డ్యూటీకి పరుగెత్తాను.

సాయంత్రం వెళ్లేసరికి పొయ్యి శుభ్రంగా మండుతోంది. దానికి దూరంగా ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. "నో టచ్, మమ్మీ," అని అక్షయ నన్ను హెచ్చరించింది.

ఇంటికొచ్చి సంచి తెరిచాను. బట్టలన్నీ కొత్తగా సర్ది ఉన్నాయి. డైపర్లు మాత్రం రెండు అడ్డంగా, రెండు నిలువుగా, గాలాడేట్టు పేర్చి ఉన్నాయి.