సగం చేసే చంద్రకాంత్ సారు

చంద్రకాంత్ సారు దేన్నీ నేరుగా వెతకడు. ముందు సగం చేస్తాడు. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తాడు. ఈలోగా ఉన్నది కూడా పోతుందని ఎవరైనా అంటే, ఆ అన్న మనిషినే సగం చేసేటట్టు చూస్తాడు.

ఇల్లు వికారాబాద్‌లో. ఉద్యోగం తాండూరు పక్కన కంది పరిశోధన కేంద్రంలో. చదివింది మాత్రం గణితం. కంది మొక్కనూ పెసర మొక్కనూ వేరుగా గుర్తుపట్టడానికి ఆయనకు ఏడాది పట్టిందని చేలో పనిచేసే ఆడవాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆ నవ్వులో ల్యాబ్ అసిస్టెంట్ కృపారాణి గొంతు కూడా ఉంటుంది. యాలాల్ నుంచి వచ్చే ఈ పిల్ల మూడేళ్లుగా సారు లెక్కలకు సాక్షి, అప్పుడప్పుడు బాధితురాలు.

ఒకరోజు సారు బండి తాళంచెవి పోయింది. ఇంటి మధ్యలో సుద్దముక్కతో గీత గీశాడు. గంటసేపు వంటింటి సగం వెతికి, లేదని తేల్చి, మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేయబోతుంటే భార్య వినీత వాకిట్లోంచి కేకేసింది.

"తాళంచెవి బండికే ఉంది!"

"బండి ఇంటి బయట ఉంది. అది లెక్కల రాదు," అన్నాడు సారు, తన తప్పేమీ లేనట్టు.

కేంద్రంలో ఎనిమిది మంది కలిసి అన్నం తింటారు. ఒక మధ్యాహ్నం అన్ని కూరలూ కలిపి తిన్న కృపారాణి ముఖం చిట్లించింది.

"ఏదో ఒక దాంట్ల ఉప్పెక్కువైంది సార్."

"ఏదో మూడుసార్లల్ల చెప్తా."

"ఒక్కొక్కటి నాలుకకు రాసుకుంటే అయిపోతది గదా సార్?"

"ఎనిమిదిసార్లా? గంత దండుగెందుకు?"

నాలుగు డబ్బాల కూరలు ఒక గిన్నెలో కలిపి రుచి చూశాడు. తర్వాత రెండు, తర్వాత ఒకటి. సరిగ్గా మూడోసారికి దొంగ దొరికింది. అది ఆయన ఇంటి నుంచి వచ్చిన సొరకాయ కూరే. అప్పటికి చేపల పులుసు, గోంగూర, పెరుగుపచ్చడి ఒకటే ముద్దయ్యాయి. అందరూ అరటిపళ్లతో కడుపు నింపుకున్నారు. సారు మాత్రం ఐదు రుచులు ఆదా అయ్యాయని సాయంత్రం దాకా పొంగిపోయాడు.

ఇలాంటి మనిషికి జన్యువును వెతికే పని అప్పజెప్పారు. కందికి ఎండు తెగులు వస్తే పచ్చటి మొక్క నిలువునా ఎండిపోతుంది. అదే మట్టిలో కొన్ని మొక్కలు మాత్రం నిక్షేపంగా ఉంటాయి. ఆ బలం ఏ జన్యువులో ఉందో పట్టాలి. తెగులున్న మట్టిలో కావాలనే మూడువందల ఇరవై మొక్కలు పెంచారు. లేతగా ఉన్నప్పుడే ప్రతి మొక్క ఆకూ కోసి, వరుస సంఖ్య, వరుసలో దాని స్థానం రాసి ఫ్రిజ్‌లో దాచారు. జన్యు పరీక్షకు వాడే మందులు మాత్రం నలభై పరీక్షలకే సరిపోతాయి.

సారుకు పండుగే. ఎండిన మొక్కల ఆకులన్నీ ఒక ముద్ద, ఎండని వాటివి ఇంకో ముద్ద. రెండు ముద్దలకూ ఎక్కడ తేడా కనిపిస్తే జన్యువు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అక్కడి నుంచి సగం, మళ్లీ సగం.

"జన్యువును పట్టమంటే పచ్చడి నూరుతున్నవేందయ్యా!" అన్నాడు పై అధికారి జనార్దన్.

"పచ్చడే సార్. కాకపోతే రెండు రకాలు."

ఇక ఏ మొక్కలు ఎండాయో రాసుకోవడమే మిగిలింది. సోమవారం పొద్దున ఆ పనికే సారు, కృపారాణి చేనుకు బయల్దేరారు. దారిలో చేలో పనిచేసే సత్యమ్మ ఎండిన కంది కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని ఇంటి దిక్కు పోతూ కనిపించింది. వీళ్లు చేను చేరేసరికి ఎండిన మొక్క ఒక్కటీ లేదు.

శనివారం చేను శుభ్రం చేస్తూ ఏ రైతైనా చేసే పనే చేసింది సత్యమ్మ. రోగమొచ్చిన మొక్కను పీకితేనే పక్క మొక్క బతుకుతుంది. రోగాన్ని కావాలని పెంచే తెలివితక్కువ సేద్యం ఆమె ఎన్నడూ చూసి ఉండదు.

జనార్దన్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. చేలో పనిచేసే ఎనిమిది మంది ఆడవాళ్లనూ నిలబెట్టాడు.

"ఎవరు పీకిండ్రో ఇప్పుడే తేలాలె. మస్టర్ల పేరు కొట్టేస్త. చంద్రకాంత్, నీ సగం లెక్క గిప్పుడు పెట్టు!"

సత్యమ్మ పక్కనామె వెనక్కి జరిగింది. పన్నెండేళ్లుగా ఆమె ఇల్లు ఆ మస్టర్‌లో పడే కూలి మీదే నడుస్తోంది. కృపారాణి సారు వంక చూసింది. ఈ మనిషికి అబద్ధం చెప్పడం రాదు, పైగా లెక్క అంటే ఒళ్లు తెలియదు.

సారు హుషారుగా నేల మీద గీత గీశాడు. "శనివారం చేన్ల అడుగు పెట్టినోళ్లందరు రావాలె. మీరు గూడ, సార్."

ఏడుగురు ఆడవాళ్లను అటు నిలబెట్టాడు. సత్యమ్మ, కృపారాణి, జనార్దన్, తను ఇటు నిలబడ్డారు. సగానికి సగం కాదని కృపారాణి అప్పుడే కనిపెట్టింది.

"తప్పు మా దిక్కే ఉంది సార్," అన్నాడు చంద్రకాంత్ జనార్దన్‌తో.

"మీ దిక్కంటే? నేను గూడ ఇక్కడనే ఉన్న గదా!"

"అవును సార్. పెద్దసార్లు వస్తున్నరు, చేనంత సాఫ్ చేయుండ్రి అని శనివారం పొద్దుగాల మీరే చెప్పిండ్రు. ఎండినయి ముట్టొద్దని చెప్పాల్సిన నేను రైలు తప్పి మధ్యాహ్నం వచ్చిన. ఇంకో సగం చేయమంటరా?"

జనార్దన్ గీత వంక చూశాడు, సారు వంక చూశాడు. "వద్దులే," అన్నాడు. "అందరి పొరపాటని రాయి."

అందరూ వెళ్లాక సారు సత్యమ్మ దగ్గరికి నడిచాడు.

"మంచి మొక్క ఒక్కటన్న పీకినవా, సత్యమ్మా?"

"నా కండ్లేమన్న పొయినయా సారు? ఎండినయే పీకిన."

"మస్తు. ఖాళీ ఉన్న కాడల్లా ఎండిన మొక్కనే అన్నట్టు."

ఆ ఖాళీలే రాసుకుని, ఫ్రిజ్‌లోని ఆకులతో రెండు ముద్దలూ చేశారు. కందికి క్రోమోజోములు పదకొండు. వాటిలో ఒకదాని చివర తేడా బయటపడింది. అప్పటికి పరీక్షలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి. ఎండే మొక్కలను చూసి చెప్పే పని వచ్చే పంట నుంచి సత్యమ్మదేనని సారు కాగితం పెట్టాడు.

స్టేషన్‌లో వికారాబాద్ రైలు కోసం చూస్తున్న సారును కృపారాణి అడిగేసింది.

"మోపు మీరు గూడ చూసిండ్రు గదా సార్. మరి గా గీతెందుకు?"

"దొరకబట్టనీకైతే నాకు ఒక్క ప్రశ్న గూడ అక్కర్లేకుండె," అన్నాడు సారు చెమట తుడుచుకుంటూ. "దాయనీకే గింత లెక్క చేయాల్సొచ్చింది."