సర్దార్ విరవని మెడ

నరసరావుపేటలో సర్దార్ కటింగ్ షాపు, నా మోటారు వైండింగ్ షాపు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. సర్దార్ గడ్డం గీస్తే చెంప మీద ఎక్కడా గరుకు తగలదు. అయినా జనం వచ్చింది అంత మంచి పని కోసం కాదు. కటింగ్ అయ్యాక తల రెండు చేతుల్లో పట్టి, అటూ ఇటూ టక్కుమని మెడ విరిచేవాడని వచ్చారు.

పోయిన ఏడాది ఆయన మెడే పట్టేసింది. రోజంతా ఒకరి తల మీదకు వంగి నిలబడే పని మరి. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే యశోదమ్మ కొన్ని కసరత్తులు నేర్పింది. మెడ విరిచే సంగతి విని మాత్రం గట్టిగా కోప్పడింది. మెదడుకు రక్తం పోయే నాళాలు మెడలోనే ఉంటాయని, తిప్పడంలో తేడా వస్తే మనిషి పక్షవాతంతో పడిపోవచ్చని చెప్పింది. ఆ రోజు నుంచి సర్దార్ ఎవరి మెడా విరవలేదు.

దానికి ఆయన్ని ఆడిపోసుకోనివాడు లేడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఫోన్లోకి మెడ వేలాడేసి, ఆ నొప్పిని ఒక్క విరుపుతో తీసెయ్యమంటారు. మెడేమన్నా గోలీసోడానా? బేరింగు చప్పుడు చేస్తే మోటారు బాగుపడిందని ఎవడన్నా అంటాడా?

వెంకట్రామయ్య ఊళ్ళో పార్టీ మనిషి. ఆయన వెంట ఊరంతా సర్దార్ దగ్గరికే వచ్చేది. ఒకరోజు గడ్డం సగంలో ఉండగా, ఎడం చెయ్యి తిమ్మిరెక్కుతోందని, మెడ గట్టిగా విరవమని అడిగాడు. సర్దార్ కత్తి ఆపేశాడు.

"తిమ్మిరంటే అసలు తిప్పను బాబాయ్. డాక్టరుకు చూపించుకో."

"నాకే చెప్తావేందిరా. మీ నాయన విరిచాడు, నువ్వూ విరిచావు. ఇప్పుడు చేతులు పడిపోయినయ్యా?"

"బాగానే ఉన్నయ్. అందుకే విరవట్లా."

వెంకట్రామయ్య ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో, మెడకు గుడ్డతోనే రోడ్డు దాటి ఎదుటి ఏసీ సెలూన్‌లోకి పోయాడు. బెంచీ మీదివాళ్ళు నవ్వారు. ఆయనతో పాటు ఊరు ఊరంతా పోయినట్టేనని ఒకడు లెక్క చెప్పాడు.

ఆ సెలూన్ సర్దార్ మేనల్లుడు సమీర్‌ది. మామ దగ్గర పని నేర్చుకుని మామకు ఎదురుగానే పెట్టాడు. సర్దార్ ఏనాడూ అందులో అడుగు పెట్టలేదు. ఆ రోజు మాత్రం చేతిలో కత్తి పట్టుకునే పోయాడు. వెనకే నేనూ పోయాను. అప్పటికే సమీర్ చేతులు వెంకట్రామయ్య దవడల మీదున్నాయి.

"తియ్యి చేతులు."

"నువ్వు నేర్పిన పనే గదా మామూ."

"తప్పు నేర్పా. తియ్యి."

సమీర్ తీశాడు. వెంకట్రామయ్య తిడుతుండగానే, కటింగ్ అయ్యాక వెనక జుట్టు చూపించే చిన్నద్దాన్ని సర్దార్ ఆయన పక్కగా పట్టాడు. భుజాల కంటే తల ఎంత ముందుకు వచ్చిందో అందులో కనపడింది. తిట్లు ఆగాయి. సర్దార్ ఆయన గడ్డం మీద వేలు పెట్టాడు.

"కిందికి దించొద్దు, నేరుగా వెనక్కి లాక్కో. కొంచెం ఆపి వదిలెయ్. తిమ్మిరి పెరిగితే మానెయ్."

తర్వాత వీపున రెండు రెక్కల ఎముకలూ దగ్గరికి లాగించాడు. తలను నెమ్మదిగా, పోయినంతవరకే పక్కకు తిప్పించాడు. అట్లా నిటారుగా కూర్చోబెట్టే రెండో చెంపా గీసి, డాక్టరు దగ్గరికి పోతానని మాట తీసుకుని బయటికి వచ్చాడు.

డాక్టరు నరం నొక్కుకుంటోందని మందులిచ్చి, దాదాపు అవే కసరత్తులు రాశాడట. తిమ్మిరి తగ్గింది. వెంకట్రామయ్య మళ్ళీ సర్దార్ బెంచీ మీదే కూర్చుని, గడ్డం వెనక్కి లాగి చూపిస్తూ, ఇదంతా ఫోన్లో చూసి తనే నేర్చుకున్నానని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. విని తట్టుకోలేక చేతిలో తీగ అట్లాగే పడేసి పోయాను. సర్దార్ నన్ను గుమ్మంలోనే ఆపేశాడు.

"చెప్పనీ అన్నా. మెడ నిలబెట్టే చెప్తున్నాడు గదా."

అంతలో కుర్చీలో ఉన్నవాడు, మెల్లగానైనా ఒక్కసారి విరవకూడదా అని అడిగాడు. సర్దార్ వాడి గడ్డం మీద వేలు పెట్టాడు.